ఇనుప బొమ్మలో ఆరు సీట్లు

పంద్రాగస్టుకు నాలుగు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, ఆశ్రమ పాఠశాల వంటమనిషి కొండమ్మ చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది.

"టీచరమ్మా, ఇంటికి పోతున్న మన ప్రమీలను బస్సులకెల్లి దించిన్రు. పోలీసోళ్లు. వాళ్ల నాయన దూలయ్యను గూడ. క్యాంపుకు తీస్కపోయిన్రు."

హెప్సిబా హాజరు పుస్తకం మూసింది. "ఎందుకు?"

"సంచిల ఏందో కాయితం దొరికిందట. బాంబు బొమ్మ అంటున్నరు."

ఆ కాగితం ఏదో హెప్సిబాకు వెంటనే తెలిసిపోయింది. దాని మూలన ఎర్ర సిరాతో 'గుడ్' అని రాసి సంతకం చేసింది ఆమే.

హెప్సిబాది ఇల్లందు. తండ్రి అంతోనయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె చర్ల అవతల ఈ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు టీచరుగా వచ్చి ఆరేళ్లయింది. వార్డెన్ పని కూడా ఆమెదే. తమ్ముడు ఎబినేజర్‌కు ఇల్లందు బస్టాండు దగ్గర సీడీల దుకాణం ఉంది. ఆదివారాలు పిల్లలకు చూపించడానికి ఏమన్నా బొమ్మల సినిమాలు ఉంటే పంపమని అడిగితే, మొన్న జూన్‌లో అతను పన్నెండు సీడీల కట్ట పంపాడు. రెండువేల ఏడులో ఆ పిల్లలకు టీవీలో బొమ్మ కదలడమే పండగ.

అది జపాన్ వాళ్ల రోబోల సీరియల్. మాటలు జపాన్ భాషలో ఉండేవి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. హెప్సిబా టీవీ పక్కన నిలబడి వాటిని చదివి తెలుగులో చెప్పేది. రెండు దేశాల మధ్య యుద్ధం. ఎనిమిదంతస్తుల ఎత్తు ఇనుప మనుషులు. ఒక్కొక్కదాని ఛాతీలో ఒక్కరే కూర్చుని దాన్ని నడిపిస్తారు. మన వైపు నడిపేది మికా అనే పద్నాలుగేళ్ల పిల్ల. ఆ ఇనుప మనిషి మోకాలి మీద నుంచి లేచి నిలబడుతుంటే, భుజాల మీద నీళ్లు జలజలా కారిపోతుంటే, నూట ఇరవై మంది ఆడపిల్లలు ఒక్కసారిగా కేక పెట్టేవాళ్లు. అబద్ధం ఎందుకు, హెప్సిబాకు కూడా ఒళ్లు జలదరించేది. యుద్ధం అంత అందంగా ఉంటే ఎట్లా అని ఒక పక్క అనిపించేది, మరో పక్క కళ్లు తిప్పుకోలేకపోయేది.

ఏడో సీడీ దగ్గర కథ తిరగబడింది. సేనాధిపతి మికాకు ఒక కొత్త ఆయుధం ఇస్తాడు. దాని పేరు 'ఉదయం'. శత్రువుల పట్నం ఖాళీ చేయించాం, ఇళ్లు తప్ప మనుషులు లేరు అని చెప్తాడు. మికా నమ్మి మీట నొక్కుతుంది. తెర తెల్లబడుతుంది. చాలాసేపు చప్పుడే ఉండదు. తర్వాత ఒక గోడ, ఆ గోడ మీద నిచ్చెన ఎక్కుతున్న మనిషి నీడ. మనిషి లేడు, నిచ్చెనా లేదు.

ఆ ఆదివారం ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి, "మనోళ్లే గెలిచిన్రు గద టీచర్, మరి గా పిల్ల ఎందుకు ఏడుస్తుంది?" అని అడిగింది. జపాన్‌లో రెండు పట్నాల మీద అణుబాంబులు పడ్డ సంగతి హెప్సిబా అప్పుడు చెప్పింది. ఈ బొమ్మలు గీసేవాళ్లు ఆ దేశం పిల్లలే అనీ, వాళ్లు తాతల నోట విన్నది మర్చిపోలేక ఇట్లా గీస్తుంటారనీ తనకు తోచినట్టు చెప్పింది.

తొమ్మిదో తరగతి ప్రమీల ఆ వారమే బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. ఊరు ఇప్పగుంపు, అడవిలో ముప్ఫై ఇళ్లు. డ్రాయింగ్ షీటు నిండా ఇనుప మనిషిని గీసి, పొట్ట కోసినట్టు తెరిచి లోపలి భాగాలన్నీ చూపించింది. ఇంత ఓపిక ఎక్కడిదే నీకు అని మెచ్చుకుని, హెప్సిబా సరిగ్గా చూడకుండానే సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆమె బీరువా తెరిచి సీడీల కట్ట సంచిలో వేసుకుంది. కొండమ్మ భర్త రూప్లా తన టీవీఎస్ మీద ఎక్కించుకున్నాడు. దారంతా గుంతలు, వాటినిండా వాన నీళ్లు. రూప్లా ఒక్కసారే నోరు విప్పాడు. "మనం అడిగితే ఇడుస్తరా టీచరమ్మా?"

"బొమ్మ అది. రోబో బొమ్మ. సీడీ చూపిస్తే అర్థమైతది," అంది హెప్సిబా. అప్పటికి ఆమె నిజంగానే అట్లా నమ్మింది.

క్యాంపు ఒకప్పుడు గోదాము. చుట్టూ ఇసుక బస్తాలు, ముళ్ల కంచె. గేటు దగ్గర అరగంట నిలబెట్టారు. కంచె లోపల దూలయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద చొక్కా లేదు. ఆమెను చూశాడు కానీ లేవలేదు. లేవొద్దని చెప్పినట్టున్నారు.

ఎస్సై పేరు సుకుమార్. ముప్ఫై దాటి ఉండవు. పుస్తకంలో ఆమె పేరు రాసుకుంటూ తలెత్తాడు.

"హెప్సిబా... మనవాళ్లేనా? వందనాలు సిస్టర్. మాది మధిర దగ్గర. కూర్చోండి."

ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. గోడ పక్క బల్ల మీద ప్రమీల కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

"సార్, అది జపాన్ కార్టూన్ల రోబో. నేనే చూపిస్తున్న పిల్లలకు. సీడీలు తెచ్చిన. బొమ్మ మీద సంతకం గూడ నాదే."

"చూశాను." సుకుమార్ షీటు తీసి టేబుల్ మీద పరిచాడు. "తల, చేతులు, కాళ్లు రోబోవే. ఒప్పుకుంటాను. పొట్ట చూడండి."

హెప్సిబా వంగి చూసింది. సంతకం పెట్టిన రోజు చూడనిది ఇప్పుడు చూసింది.

పొట్టలో ఆరు సీట్లు. మూడు ఇటు, మూడు అటు, ఎదురెదురుగా. ఒక్కో సీటుకు అడ్డంగా, నిలువుగా బెల్టులు. బెల్టుల్లో ఆరుగురు మనుషులు, తలలు ఒక పక్కకు వాలిపోయి ఉన్నారు. వెనక ఒక మందమైన తలుపు. తలుపుకు పొడవాటి పిడి. పిడి చుట్టూ పెన్సిల్‌తో ఎన్నిసార్లు దిద్దిందో, అక్కడ కాగితం చిరిగేలా ఉంది.

"ఇది రోబో కాదు సిస్టర్. మా మైన్‌ప్రూఫ్ బండి. మందుపాతర పేలినా లోపల మనుషులు బతకాలని చేసింది. దాని లోపల ఇట్లా ఉంటుందని బయటివాళ్లకు తెలియదు. తెలియాలంటే రెండే దారులు. అందులో కూర్చుని ఉండాలి, లేదా పగిలిపోయాక చూసి ఉండాలి."

అతని గొంతు పెరగలేదు. అందుకే హెప్సిబాకు భయం వేసింది.

మే నెలలో ఇప్పగుంపు దారిలో అట్లాంటి బండి ఒకటి పేలిపోయింది. ఆరుగురు పోయారు. ఊరిని అడిగితే, ఆ రోజు ఎవ్వరం అటు పోలేదు, ఏమీ చూడలేదు అని ముప్ఫై ఇళ్ల వాళ్లూ ఒకటే మాట చెప్పారు. ఇప్పుడీ పిల్ల చూసిందని తేలితే ఊరంతా అబద్ధం చెప్పినట్టే. సోమవారానికల్లా ఇప్పగుంపు మగవాళ్లంతా ఈ కంచె లోపల గొంతుక్కూర్చోవాలి. అడివిలోని వాళ్లకు తెలిస్తే మరో రకం ఆపద. పోలీసులకు ఎవరు చెప్పారు అని వాళ్లు అడుగుతారు.

ఆమె ప్రమీల వైపు చూడలేదు. చూస్తే ముఖంలో తెలిసిపోతుందని.

"నేను చెప్పిన సార్ గట్ల గీయమని," అంది. "ముందు సీడీలల్ల రోబోలో ఒక్కరే ఉంటరు. తర్వాత పెద్ద రోబో వస్తది. దాంట్ల ఆరుగురు కూర్చుంటరు. గదే గీసింది."

సుకుమార్ ఆమెను కాసేపు చూశాడు. టేబుల్ సొరుగులోంచి నల్ల అట్ట బైబిలు తీసి షీటు పక్కన పెట్టాడు. దాని మీద చెయ్యి పెట్టమనలేదు. ఊరికే అక్కడ పెట్టాడు.

"నిజమేనా సిస్టర్?"

"నిజమే."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే వింతగా అనిపించింది. సండే స్కూల్లో చిన్నపిల్లలకు అబద్ధం గురించి పాఠాలు చెప్పింది ఆమే.

"అయితే ఆరు సీట్ల రోబో చూపించండి."

పక్క గదిలో జవాన్ల టీవీ, సీడీ ప్లేయరు ఉన్నాయి. ప్రమీలను కూడా తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. హెప్సిబా ఏడో సీడీ తీసింది. అన్నిటిలోకి అదే పొడవైనది. అందులో ఆరు సీట్లు లేవు, ఏ సీడీలోనూ లేవు. కాస్త సమయం దొరికితే ఏదో ఒకటి తోస్తుందని మాత్రమే ఆమె ఆశ.

బొమ్మ మొదలైంది. ఆమె అలవాటుగా పక్కన నిలబడి తెలుగులో చెప్పసాగింది.  చప్పుడు విని ఇద్దరు ముగ్గురు కానిస్టేబుళ్లు లోపలికొచ్చారు, తర్వాత మరో నలుగురు. ఇనుప మనుషులు కొట్టుకుంటుంటే ఒకడు ఈల వేశాడు. "అబ్బ, గసొంటిది ఒక్కటి మనకుంటే అడివి మొత్తం ఒక్క రోజుల అయిపోవు," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

సుకుమార్ నవ్వలేదు. వాచీ చూసుకుంటున్నాడు.

"ఆరు సీట్లు ఎప్పుడొస్తాయి?"

"వస్తయి సార్. ఇంక కొంచెం."

సేనాధిపతి మికాకు 'ఉదయం' ఇచ్చాడు. పట్నం ఖాళీగా ఉందని చెప్పాడు. మికా మీట నొక్కింది. తెర తెల్లబడింది. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. గోడ వచ్చింది, నీడ వచ్చింది. ఇందాక ఈల వేసినవాడు నోటి దగ్గర చెయ్యి అట్లాగే పెట్టుకుని నిలబడిపోయాడు.

"లోపల మనుషులున్నరని ఆ పిల్లకు తెల్వదు," అంది హెప్సిబా. "చెప్పలే."

ఆ తర్వాతి భాగం ఆమె మర్చిపోయింది. ఆ వేడికి మికా రోబో కూడా కూలిపోతుంది. తలుపు బిగుసుకుపోతుంది. మికా లోపలి నుంచి రెండు చేతులతో ఇనుమును కొడుతుంది. బయటి నుంచి చూపిస్తారు దాన్ని, మనిషి కనబడదు. కొట్టే చప్పుడు మాత్రం వినబడుతుంది. ధన్, ధన్, ధన్. ఆగి, మళ్లీ ధన్.

సుకుమార్ లేచి టీవీ ఆపేశాడు.

"అందరూ బయటికి వెళ్లండి."

కానిస్టేబుళ్లు వెళ్లిపోయారు. హెడ్ కానిస్టేబుల్ ఒకాయన గుమ్మంలో కాసేపు ఆగినట్టున్నాడు, వెళ్లాడో లేదో హెప్సిబా గమనించలేదు. ఆ సంగతి తర్వాత ఆమెను చాలా రోజులు తినేసింది.

సుకుమార్ కిటికీ దగ్గరికి పోయి కంచె వైపు చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం వేరేగా ఉంది. ప్రమీల ముందు నేల మీద కూర్చున్నాడు, యూనిఫామ్‌తోనే.

"ఆ బండిలో గణేష్ అని నా స్నేహితుడు ఉన్నాడమ్మా. నేనూ అతనూ ఒకే బ్యాచ్. బండి బోర్లా పడింది, తలుపు పక్కకు వంగిపోయింది. మేం వెళ్లేసరికి మూడు గంటలు గడిచిపోయాయి. వాళ్లమ్మ నన్ను ఒకటే అడుగుతోంది, నా కొడుకు వెంటనే పోయాడా, బాధపడ్డాడా అని. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు." ఆగాడు. "నేను ఎస్సైగా అడగట్లేదు."

 అతను నిజంగానే స్నేహితుడిగా అడుగుతున్నాడా? లేక పిల్లను మాట్లాడించడానికి ఇదొక పద్ధతా? రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. హెప్సిబా ప్రమీల భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. చెప్పొద్దు అని.

ప్రమీల తలెత్తింది. టీచరును చూసింది. ఎస్సైని చూసింది.

"చప్పుడు చేసిన్రు సార్," అంది.

హెప్సిబా కళ్లు మూసుకుంది.

"తునికాకు కోస్తున్న నేను. పెద్ద చప్పుడైంది, అందరు ఉరికిన్రు. నేను పడిపోయిన. లేచినంక లోపలికెల్లి చప్పుడు వినబడ్డది. గిట్లనే." టీవీ వైపు చూపించింది. "పోయి తలుపు గుంజిన. పిడి పట్టుకొని గుంజిన. రాలే. మళ్ల గుంజిన. పక్కకు పగిలిన కాడికెల్లి చూస్తే అందరు బెల్టులల్ల ఉన్నరు. ఒక్కాయన కండ్లు తెరిచి ఉన్నడు. నన్ను చూసి పో, పో అన్నడు. మంట వస్తుంది, పో అన్నడు."

"తర్వాత?"

"పోయిన," అంది ప్రమీల. అప్పుడు ఏడ్చింది. "నేను పోయిన సార్."

 సుకుమార్ మోకాళ్ల మీద మోచేతులు ఆనించి తల వంచుకున్నాడు. తర్వాత లేచి, తన గదిలోకి వెళ్లి, ఆ షీటు తెచ్చి హెప్సిబా చేతిలో పెట్టాడు.

"ఇది ఎక్కడా ఉండకూడదు. ఇంటికి వెళ్లగానే పొయ్యిలో వేయండి. సీడీలు ఇక్కడే ఉంటాయి, ఎవరైనా అడిగితే చూపించాలి. పుస్తకంలో కార్టూన్ బొమ్మ, టీచరు వచ్చి గుర్తుపట్టింది అని రాస్తాను."

"సార్..."

"ఆరు సీట్ల సంగతి మీరు నాకు అబద్ధం చెప్పారు సిస్టర్."

"చెప్పిన."

"మళ్లీ అడిగితే?"

"మళ్ల చెప్త."

అతను తలూపాడు. "నేను మాత్రం అబద్ధం రాతపూర్వకంగా చెప్తున్నాను. వెళ్లండి. దూలయ్య చొక్కా గేటు దగ్గర ఇస్తారు."

గేటు దాటి, మలుపు తిరిగి, క్యాంపు కనబడకుండా పోయాకే దూలయ్య నోరు తెరిచాడు. "నాకు ఆనాడే చెప్పింది టీచరమ్మా. పానం పోయినా నోరిప్పొద్దన్న. బొమ్మ గీస్తదని అనుకోలే."

"ఇప్పుడు చెప్పిన నాయనా," అంది ప్రమీల.

దూలయ్య నడక ఆగిపోయింది. బిడ్డను కొడతాడేమో అనుకుంది హెప్సిబా. అతను కొట్టలేదు. దారి పక్కన రాయి మీద కూలబడి, భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత తువ్వాలు తీసి, "నేను ఊరికి పోత. పిల్ల నీ కాడ ఉండనీ. ఊర్ల ఏమన్నా అయితే అది ఆడ ఉండొద్దు," అన్నాడు. అడివి దారిన ఒక్కడే వెళ్లిపోయాడు.

తర్వాతి రోజులు హెప్సిబా జీవితంలో అన్నిటికన్నా పొడవైనవి. జీపు చప్పుడు వినబడితే చేతిలో చాక్‌పీసు ఆగిపోయేది. ఇప్పగుంపు నుంచి ఎవరు వచ్చినా, "అంతా మంచిగనేనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టేది. పంద్రాగస్టు నాడు జెండా ఎగరేస్తుంటే క్యాంపు హెడ్ కానిస్టేబుల్ మిఠాయిల డబ్బా పట్టుకుని వచ్చాడు. పిల్లలందరికీ పంచాడు. ప్రమీల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడని ఆమెకు అనిపించింది. ఆగాడో, ఆమె భయమే అట్లా చూపించిందో. ఆగస్టు గడిచింది. సెప్టెంబరులో గోదావరి పొంగి దారులు మునిగాయి, మళ్లీ నీళ్లు తీశాయి. ఇప్పగుంపుకు ఎవ్వరూ పోలేదు.

ఆదివారాలు టీవీ ముందు పిల్లలు అడిగేవాళ్లు, మికా బయటికొచ్చిందా టీచర్ అని. సీడీలు క్యాంపులోనే ఉండిపోయినా, ఎనిమిదో సీడీ ఆమె ఒక్కతే ముందే చూసి ఉంది. "వచ్చింది," అనేది. "శత్రువుల వైపు పిల్లాడొకడు వచ్చి బయటి నుంచి తెరిచిండు." అది నిజమే. కథ రాసినవాళ్లు అట్లానే రాశారు. 

నవంబరులో జీతాల పని మీద హెప్సిబా భద్రాచలం ఐటీడీఏ ఆఫీసుకు వెళ్లింది. తిరిగి బస్టాండులో చర్ల బస్సు కోసం నిలబడి ఉంటే మామూలు బట్టల్లో ఒక మనిషి పక్కకు వచ్చి వందనాలు అన్నాడు. సుకుమార్. ట్రాన్స్‌ఫర్ అయిందట, సామాను తీసుకుపోతున్నాడు.

"గణేష్ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను," అన్నాడు, ఆమె అడగకుండానే. "ఎవరో తలుపు తీయాలని చూశారమ్మా అని చెప్పాను. ఎవరు అని అడిగింది. తెలియదన్నాను. కళ్లు తెరిచి ఉన్నది గణేషేనో కాదో నాకెట్లా తెలుస్తుంది? గణేషే అని చెప్పాను. పో పో అని పంపించేశాడని చెప్పాను."

"ఏమన్నది?"

"ఏడ్చింది. తర్వాత, ఎవరి బిడ్డో, కాలుతున్న ఇనుము పట్టుకున్నరు గద, చేతులు ఏమైనయో పాపం అంది." అతను చూపు తిప్పుకున్నాడు. "ఏమయ్యాయి సిస్టర్?"

 ఇన్ని నెలలు హెప్సిబా ఆ పిల్లను కాపాడాలనే చూసింది కానీ, ఆ పిల్ల చేతులు ఒక్కసారి కూడా చూడలేదు. అంతలో బస్సు వచ్చింది.

ఆ సాయంత్రం పిల్లలు కంచాలు పట్టుకుని అన్నానికి వరసలో నిలబడ్డారు. కొండమ్మను పక్కకు జరగమని హెప్సిబా తనే గరిటె పట్టుకుంది. ప్రమీల వంతు వచ్చినప్పుడు కంచం కింద ఉన్న చేతిని పట్టుకుని తిప్పింది. కుడి అరచేతికి అడ్డంగా, నాలుగు వేళ్ల కిందుగా, తెల్లటి మచ్చ. పట్టుకున్న పిడి అంత వెడల్పు.

వెనక పిల్లలకు వినబడకుండా, గణేష్ తల్లి అన్న మాట చెప్పింది.

ప్రమీల చెయ్యి లాక్కోలేదు. కొంచెంసేపు ఆ మచ్చ వైపే చూసుకుంది.

"మానిందని చెప్పున్రి టీచర్," అంది.